నల్లారం ఆకు: ఎక్కడి మొక్క, ఎవరి మందు?

 పోస్టు కొంచెం పొడుగున్నది, ఓపికతో చదవండి.

ఈ వానాకాలం మన గ్రూపులల్ల నల్లారం ఆకు ఫోటో బాగా తిరుగుతున్నది. ఒక ఫార్వర్డుల "వేల ఏండ్ల కిందనే మన ఋషులు గ్రంథాలల్ల రాసిన గాయాల మందు" అని ఉన్నది. ఇంకో దాంట్ల "ఆదికాలం నుంచి ఆదివాసీల వైద్యం" అని ఉన్నది. రెండిటికీ లైకులు మస్తుగ వచ్చినయి. చరిత్ర లెక్కన చూస్తే రెండూ నిలవవు. ఎందుకు నిలవవో, ఆ సంగతి మనకెందుకు పట్టాల్నో రాస్తున్న. మొక్క చిన్నదే గాని దాని జ్ఞానం ఎవరిది అనే దగ్గర ఒక చట్టం అడ్డమొస్తది.

ముందు మొక్క గురించి చెప్త. సిరిసిల్ల దిక్కు నల్లారం అంటరు, కొందరు నల్లాలం అంటరు. బడిపిల్లలు పలకలు తుడిచే కాలంల పలకాకు అనేటోళ్లు. గాయపాకు అని ఇంకో పేరు. పువ్వు తలను కాడ నుంచి ఎగరగొట్టి ఆడుకునే పిల్లలకు అది రావణాసురుడి తలకాయ. పుస్తకాలల్ల గడ్డి చామంతి. కాడలు నేల మీద పాకుతయి, కణుపు మట్టికి తగిలిన కాడల్లా వేరు దిగుతది. ఆకులు ఎదురెదురుగ ఉంటయి, అంచులు రంపం లెక్క, పట్టుకుంటే గరుకు. జానెడు పొడుగు సన్నటి కాడ లేచి దాని కొనకు ఒక్కటే పువ్వు. నడుమ పసుపు, చుట్టూ లేత పసుపో తెలుపో అన్నట్టు ఐదు చిన్న రెక్కలు, ఒక్కో రెక్క చివర మూడు నొక్కులు. ఎండినంక గింజకు నూగు గొడుగు వస్తది, గాలికి ఎగిరిపోతది. ఇది ఒక్క పంటకాలంతోటి చచ్చే మొక్క కాదు. ఎండాకాలం మాడినట్టు కనపడ్డా మొదలు బతికే ఉంటది, నాలుగు చినుకులు పడంగనే మళ్ల చిగురేస్తది. నీళ్ల తడి ఉన్న జాగల ఏడాది పొడుగునా పూస్తనే ఉంటది. చిన్న చిన్న సీతాకోకచిలుకలు ఈ పువ్వు మీద వాలినన్ని వేరే గడ్డిపూల మీద వాలవు, ఎవరన్నా పొద్దున్నే నిలబడి చూడొచ్చు.

ఇప్పుడు దాని ఊరు. దీనికి లోకమంతా వాడే శాస్త్రీయ నామం ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే ఆయన 1753ల అచ్చేసిన మొక్కల పుస్తకంల ఈ పేరు పెట్టిండు. ట్రైడాక్స్ అంటే మూడు కాట్లు, ఆ రెక్కల చివరి నొక్కులను చూస్తే ఎందుకన్నరో తెలుస్తది. ప్రొకంబెన్స్ అంటే నేల మీద పడుకున్నది. అదే పుస్తకంల ఈ మొక్క సొంతూరు వేరాక్రూజ్ అని రాసిండు. వేరాక్రూజ్ ఎక్కడున్నది? మెక్సికో దేశంల, సముద్రం ఒడ్డున. స్పెయిన్ దొర కోర్టెజ్ 1519ల ఓడలు దిగి, అక్కడి ఆదివాసుల రాజ్యాన్ని కూలగొట్టడానికి బయలెల్లిన రేవు అది. లిన్నేయస్ ఎన్నడూ మెక్సికో పోలేదు. వేరేటోళ్లు తెచ్చిన ఎండిన కొమ్మలను చూసి పేర్లు పెట్టిండు.

అంటే సంగతి సూటిగ ఇట్ల. కొలంబస్ అమెరికా చేరింది 1492ల. వాస్కో డ గామా మన దేశపు కాలికట్ రేవుకు వచ్చింది 1498ల. అమెరికా మొక్కలు మన దేశంల అడుగు పెట్టింది అటెనుకనే. చరకుడి పేరు మీద, సుశ్రుతుడి పేరు మీద ఉన్న గ్రంథాలు అంతకంటే వెయ్యేండ్లకు పైగా పాతయి. ఆ గ్రంథాలల్ల ఈ మొక్క ఉండే దారే లేదు. ఈ మధ్య పుస్తకాలల్ల దీనికి "జయంతీ వేద" అని సంస్కృతం పేరు కనపడుతది. పేరు సంస్కృతంల ఉన్నంత మాత్రాన మొక్క పాతది కాదు. బ్రిటిష్ కాలపు మొక్కల పుస్తకాలల్ల దీన్ని అమెరికా నుంచి వచ్చి పాకిన కలుపుగనే లెక్కేసిండ్రు.

మరి గ్రంథాలల్ల ఉన్నదేంది? గుంటగలగరాకు. దాన్నే భృంగరాజు అంటరు, నూనెల కాచి తలకు పెట్టుకునేది. అది కూడా నేల దగ్గరనే ఉంటది, అది కూడా చామంతి కుటుంబమే, అందుకే మార్కెట్ల ఒకదాని పేరుతోటి ఇంకోటి అమ్ముతరు. తేడా చెప్త, గుర్తు పెట్టుకోండి. గుంటగలగర నీళ్లు నిలిచే కాడ, పొలం గట్ల మీద, కాలువ పక్కన వస్తది. పువ్వు చిన్నది, తెల్లగ ఉంటది, కాడ పొట్టిది. ఆకు నలిపితే నల్లబడుతది. నల్లారం ఎండ నేలల, బాట పక్కన, బీడు భూమిల వస్తది, పువ్వు కాడ పొడుగు, నడుమ పసుపు.

"మన మొక్క పరాయిది అంటవా" అని కొందరికి కోపం రావచ్చు. జర ఆగండి. మనం రోజూ తినేదాంట్ల ఎన్ని అక్కడియో చూడండి. మిర్చి, టమాట, ఆలుగడ్డ, పల్లి, జామపండు, మన జిల్లాల చెల్కల నిండ కనపడే మక్క, ఇవన్నీ అమెరికా ఆదివాసులు వేల ఏండ్లు సాకి పెంచిన పంటలు. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ఆడోళ్లు చుట్టే బీడీని ఇప్పి చూస్తే, తునికాకు మన అడవిది, లోపల పోసే పొగాకు అమెరికాది. బతుకమ్మల పేర్చే తంగేడు, గునుగు మనయే గాని బంతి పువ్వు మెక్సికోది. అక్కడ నవంబర్ మొదట్ల సచ్చిపోయినోళ్లను తలుచుకునే పండుగకు ఇప్పటికీ బంతిపూలే పరుస్తరు. ఇంకో తమాషా ఉన్నది. సీతాఫలం అమెరికాది, రామాఫలం అమెరికాది, ఇప్పుడు చెప్పిన రావణాసురుడి తలకాయ కూడా అమెరికాదే. ముగ్గురూ ఓడెక్కి వచ్చినోళ్లే, రామాయణం పేర్లు పెట్టి మనోళ్లు ఊర్లె కలుపుకున్నరు.

నల్లారం ఆదికాలం నుంచి మన అడవిల లేదన్నది ఖాయం. కానీ తండాల, గూడెంల ఎవలను అడిగినా కొడవలి తెగితే ఏ ఆకు పెట్టాల్నో ఠక్కున చెప్తరు. ఆ తెలివి ఎక్కడికెళ్లి వచ్చింది? మొక్కతోటి పాటు "దీన్ని ఇట్ల వాడండి" అని రాసిన కాగితమేదీ ఓడల రాలే. మెక్సికో ఆదివాసీ వైద్యుడెవరూ మానేరు ఒడ్డుకు వచ్చి చెప్పిపోలే. గ్రంథంల లేదు, బడిల చెప్పలే. మిగిలింది ఒక్కటే దారి. మన పెద్దోళ్లే పెట్టి చూసి కనిపెట్టిండ్రు.

మా దాదిని అడిగిన. చిన్నప్పటి నుంచి పసుల ఎంట తిరిగిన మనిషి ఆమె. "దాదీ, ఈ ఆకు రక్తం ఆపుతదని నీకెవరు చెప్పిండ్రు" అంటే, "మా అత్త చెప్పింది" అన్నది. "ఆమెకెవరు చెప్పిండ్రు" అంటే నవ్వింది. "ఎవరు చెప్తరురా, గుంటగలగర నీళ్లకాడనే దొరుకుతది. గుట్ట మీద ముల్లు దిగితే నీళ్లకాడికి ఉరుకుతమా? చేతికందింది నలిపి పెట్టినం. ఆగింది. మళ్ల పెట్టినం." అంతే చెప్పింది. నాకైతే ఆ నాలుగు మాటలల్ల ఒక పెద్ద చరిత్ర కనపడ్డది.

చూడండి, ఈ మొక్క ఎక్కడ మొలుస్తది? దట్టమైన అడవి నడుమ మొలవదు. మనిషి కాలు, పసుల డెక్క తొక్కిన నేలల మొలుస్తది. బండ్ల బాట పక్కన, దొడ్ల కాడ, దున్ని వదిలిన చెల్కల, మేత భూములల్ల. అక్కడ రోజంతా ఉండేది ఎవరు? పసుల కాపరులు, కలుపు కూలికి పోయే ఆడోళ్లు, కట్టెలకు పోయేటోళ్లు, మట్టి పనికి పోయేటోళ్లు. మన లంబాడోళ్ల చరిత్రనే చూస్తే, ఎడ్ల మందల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దక్కన్ అంతా తిరిగిన లదేణి బతుకు రైళ్లు వచ్చినంక కూలిపోయింది. 1871ల క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చి తిరిగే జాతులను పుట్టు దొంగలని ముద్రేసిండ్రు. అట్ల చాలామంది అడవి అంచుల, బీడు భూముల పక్కన తండాలు కట్టుకొని పసుల మీద, కూలి మీద పడ్డరు. ఎరుకల, నాయకపోడు, గోండు, కోయ అన్నదమ్ముల కథ వేరే వేరే గాని, దవాఖాన దూరం, గాయం దగ్గర అన్నది అందరికీ ఒక్కటే. కొత్త మొక్క వచ్చి మొలిచిన జాగ, దెబ్బలు తగిలే జాగ, రెండూ ఒక్కటే అయినయి. అందుకే దీని గుణం ముందుగాల పట్నంల కూసున్న వైద్యునికి కాదు, పసుల ఎనుక నడిచినోళ్లకు తెలిసి ఉంటదని నా లెక్క. వాసనలో, ఆకుల గుంటగలగర పోలిక ఏదో కనపడి మొదటిసారి నలిపి చూసి ఉంటరు.

అట్ల చూడటం, మళ్ల చూడటం, పని చేసిందాన్ని ఉంచుకొని పని చేయందాన్ని వదిలేయటం, దీన్నే కాలేజీల ప్రయోగం అంటరు. మన గురించి రాసేటోళ్లు ఎప్పుడూ "తరతరాలుగా వస్తున్న ఆచారం" అని రాస్తరు. మెచ్చుకున్నట్టే ఉంటది గాని, అందుల ఒక మెలిక ఉన్నది. మనోళ్లు ఏదీ కొత్తగ కనిపెట్టరు, ముత్తాతలు ఇచ్చింది మోసుకొస్తరు అంతే అన్నట్టు. నల్లారం ఆ మాటను తప్పని చూపిస్తది. కొన్ని తరాల లోపల్నే, బయటి నుంచి వచ్చిన ఒక మొక్కను పట్టుకొని, దాని గుణం కనిపెట్టి, దానికి మూడు నాలుగు పేర్లు పెట్టి, పలక తుడవడానికి ఒక తీరు, గాయానికి ఒక తీరు వాడుకం నేర్చిండ్రు.

ఇది మన ఒక్క దగ్గరనే జరగలే. ఈ మొక్క వేడి దేశాలన్నిట్ల పాకింది. ఆఫ్రికాల నైజీరియా ఊర్లల్ల దీని ఆకు రసం రక్తం ఆపడానికి వాడుతరు. దీని సొంత నేలల, యుకతాన్ దిక్కు మాయా ఆదివాసీ వైద్యులు చర్మం మీద మానకుండ ఉండే పుండ్లకు వాడుతరు. ఒక రకం చిన్న ఈగ కుట్టి వచ్చే పుండ్లు అవి, లీష్మేనియాసిస్ అంటరు. మాయా వైద్యుల మాట పట్టుకొని అక్కడి శాస్త్రవేత్తలు ఈ మొక్కల ఆ క్రిమి మీద పనిచేసే పదార్థం ఉన్నదని తేల్చిండ్రు. మాయా వైద్యుడు, నైజీరియా రైతు, మన తండా ముసలమ్మ ఒకరి మొకం ఒకరు చూడలే. ముగ్గురూ చర్మం మీది గాయం దగ్గరికే ఈ ఆకును తెచ్చిండ్రు. మన దేశంల 1982ల ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ల ఎలుకల గాయాల మీద దీని ప్రభావం గురించి వ్యాసం వచ్చింది, అటెనుక చాలా వచ్చినయి. ఎలుకల మీద చూసింది మనుషుల మీద పూర్తిగ రుజువైనట్టు కాదు, ఆ మాట కూడా చెప్పాలె. కానీ ల్యాబ్ దాకా ఆ మొక్క ఎట్ల పోయింది? ఎవరో ఊరోళ్లు వాడుతున్నరని తెలిసే పోయింది.

ఇగ చట్టం కాడికి వస్త.

పసుపు పేటెంట్ కథ కొందరు పోటీ పరీక్షల కోసం చదివే ఉంటరు. 1995 మార్చిల అమెరికా మిసిసిపి యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు, పసుపుతోటి గాయం మాన్పే పద్ధతి మీద పేటెంట్ ఇచ్చిండ్రు. మెట్‌పల్లి, కోరుట్ల దిక్కు ఏ ఇంట్ల అడిగినా పసుపు గాయం మీద అద్దుతరు, ఆ పంటతోనే అక్కడి రైతులు బతుకుతరు. మన సి.ఎస్.ఐ.ఆర్. సంస్థ, మషేల్కర్ డైరెక్టర్ జనరల్‌గ ఉన్నప్పుడు, దాని మీద కొట్లాడింది. 1997 ఆగస్టుల పేటెంట్ రద్దయింది. మంచిదే. కానీ ఎట్ల గెలిచిండ్రో చూడండి. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల నుంచి 32 ఆధారాలు తీసిండ్రు, 1953ల ఒక డాక్టర్ల పత్రికల వచ్చిన వ్యాసం చూపిండ్రు. అంటే రాసి ఉన్న కాగితం గెలిచింది. అవ్వ నోటి మాటకు అక్కడ విలువ లేదు. పసుపుకు గ్రంథం ఉన్నది కాబట్టి బతికింది. నల్లారానికి పాత గ్రంథం లేదు, ఉండదు. దానికి ఉన్నది మన ముసలోళ్ల నోరే.

ఇంకో కథ కేరళది, నాకు చాలా ఇష్టమైనది. అగస్త్య కొండలల్ల కాణి అనే ఆదివాసీలున్నరు. 1987ల అక్కడికి శాస్త్రవేత్తలు పోయినప్పుడు, దారి చూపే కాణి యువకులు ఏదో కాయ నములుకుంట అలసట లేకుండ కొండెక్కుతున్నరు. అడగంగ అడగంగ ఆ మొక్క చూపిండ్రు. ఆరోగ్యపచ్చ. నేల దగ్గరగ పెరిగే చిన్న మొక్క, ఏండ్ల తరబడి బతికేది. దానికి శాస్త్రం పేరు ట్రైకోపస్ జైలానికస్, యూరప్ పుస్తకాలల్ల ఆ పేరు 18వ శతాబ్దం నుంచే ఉన్నది. రెండు వందల ఏండ్లు పేరు తెలుసు, పని తెలియదు. పని తెలిసింది కాణి జనానికే. తిరువనంతపురం దగ్గరి టి.బి.జి.ఆర్.ఐ. అనే పరిశోధన సంస్థ దాంతోటి "జీవని" అనే మందు చేసి, 1990ల నడుమ ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి లైసెన్సు ఇచ్చింది. అందుల సగం కాణిలకు అని ఒప్పుకున్నది. ఆ పైసలు తీసుకోవడానికి 1997ల కాణిలు ట్రస్టు పెట్టుకున్నరు. లోకంల ఇట్ల ఆదివాసులకు వాటా ఇచ్చిన మొదటి కథలల్ల ఇదొకటని అందరూ చెప్పుకుంటరు.

అయితే అంతా పూలబాట కాలే. మొక్క అడవిల ఉన్నది, అడవి ఫారెస్టోళ్ల చేతుల ఉన్నది. కాణిలు ఆ మొక్క పెంచి అమ్ముదామంటే అటవీ శాఖ అడ్డం చెప్పింది. జ్ఞానం మీదే గాని మొక్క మాది అన్నట్టయింది. పోడు భూముల కొట్లాట తెలిసిన మనకు దీన్ని ఇడమర్చి చెప్పే పని లేదు.

ఈ కథలు నడుస్తుండంగనే 2002ల జీవవైవిధ్య చట్టం వచ్చింది. ఎవరన్నా కంపెనీ మన జనం జ్ఞానాన్ని వాడుకొని సరుకు చేస్తే, జనానికి వాటా ఇయ్యాలని అందుల ఉన్నది. 2023ల ఆ చట్టాన్ని మార్చిండ్రు, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలుల ఉన్నది. మార్పుల ఒకటి మనం జాగ్రత్తగ చూడాలె. "కోడిఫైడ్" సంప్రదాయ జ్ఞానం, అంటే గ్రంథాలల్ల ఎక్కిన జ్ఞానం వాడుకుంటే, ఆ వాటా ఇచ్చే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చిండ్రు. గ్రంథాలల్ల ఎక్కనిది, నోటితోటి నడిచేది మాత్రం ఇప్పటికీ చట్టం కిందనే ఉన్నది.

ఇప్పుడు ఆ మొదటి ఫార్వర్డును మళ్ల చదవండి. "వేల ఏండ్ల కిందనే ఋషులు గ్రంథాలల్ల రాసిన మందు" అని మనమే ఊరూరా పంపుతున్నం. అంటే ఇది మా అవ్వల జ్ఞానం కాదు, గ్రంథాలది అని మనమే సాక్ష్యం చెప్తున్నట్టు. రేపు ఎవరన్నా దీన్ని ట్యూబుల పెట్టి అమ్మితే, అడగడానికి మన నోరు మనమే కట్టేసుకున్నట్టు అయితది. నల్లారంతోటి కోట్లు వస్తయని నేను అంటలేను. లోకమంతా దొరికే కలుపు మొక్క, కంపెనీకి అవసరమైతే ఎక్కడన్నా పెంచుకుంటది. పైసల కంటే పేరు ముఖ్యం నా దృష్టిల. కనిపెట్టినోళ్ల పేరు ఎక్కాల్సిన జాగల వేరేటోళ్ల పేరు ఎక్కొద్దు.

ఆ పేరు ఎక్కించే జాగ కూడా ఉన్నది. ఆ 2002 చట్టం కింద ప్రతి గ్రామ పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలె, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అని ఒకటి రాయాలె. ఊర్లె ఏ మొక్కలున్నయి, వాటిని ఏమంటరు, దేనికి వాడుతరు, ఎవరు చెప్పిండ్రు అన్నది అందుల ఎక్కుతది. 2018 పంచాయతీరాజ్ చట్టంతోటి మన రాష్ట్రంల వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలు అయినయి. వీర్నపల్లి, కోనరావుపేట, రుద్రంగి దిక్కు తండాలోళ్లకు ఇది చెప్పే పని లేదు. తండా పంచాయతీ అయినంక ఆ రిజిస్టర్ కూడా తండాదే. సిరిసిల్ల షెడ్యూల్డ్ ఏరియా కాదు, కాబట్టి పీసా చట్టం మనకు రాదు. కానీ ఈ రిజిస్టర్‌కు షెడ్యూల్డ్ ఏరియా కావాల్సిన పని లేదు. అడవి హక్కుల చట్టం 2006ల సెక్షన్ 3(1)(కె) కూడా అడవుల బతికే మన జనానికి జీవవైవిధ్యం మీద ఉన్న సంప్రదాయ జ్ఞానాన్ని సముదాయపు హక్కుగనే ఒప్పుకున్నది.

చాలా ఊర్లల్ల ఈ రిజిస్టర్‌ను ఎవరో బయటోళ్లు వచ్చి, నలుగురిని అడిగి, పక్క ఊరి దాన్నే ఇక్కడ దించి పోతరు అని వింటుంటం. అందుకే మనలాంటి చదువుకునే పిల్లలు కూసోని రాయాలంటున్న. 1552ల మెక్సికోల మార్టిన్ దె లా క్రూజ్ అనే ఆదివాసీ వైద్యుడు తన జాతి మందు మొక్కలన్నీ తన నావాట్ల్ భాషల చెప్పిండు. హువాన్ బడియానో అనే ఇంకో ఆదివాసీ పండితుడు దాన్ని లాటిన్‌ల రాసిండు. రంగుల బొమ్మలతోటి మంచి పుస్తకం. అది స్పెయిన్ రాజు కాడికి పోయింది, తిరిగి తిరిగి వాటికన్ గ్రంథాలయంల పడ్డది, 1929ల మళ్ల బయటపడ్డది, 1990ల గాని మెక్సికోకు తిరిగి రాలే. నాలుగు వందల ఏండ్లకు పైనే. కానీ రాసిపెట్టిండు కాబట్టి తిరిగొచ్చినంక ఎవరిదని అడిగితే చెప్పడానికి పేరున్నది.

ఇగ పెంచుడు గురించి, ఎందుకంటే ఫోటో చూసి చాలామంది "మా దగ్గర ఇప్పుడు కనపడత లేదు" అన్నరు. నిజమే. గట్ల మీద గడ్డిమందు కొట్టుడు మొదలైనంక ముందుగాల పోయేది ఇట్లాంటి నేల మొక్కలే. గ్లైఫోసేట్ మందును రైతు తన చేతితోటి కొట్టొద్దని, లైసెన్సున్న వాళ్లే కొట్టాలని కేంద్రం 2022ల ఉత్తర్వు ఇచ్చింది గాని, పత్తి చేన్లల్ల ఏం జరుగుతున్నదో మీకే తెలుసు. కూలికి పోయిన మా అమ్మలు దీన్ని కలుపు అని పీకుతరు, కొడవలి తెగితే పీకినదాంట్ల నుంచే నాలుగు ఆకులు ఏరుకుంటరు. గడ్డిమందు కొట్టిన గట్టు మీది ఆకును మాత్రం గాయం మీద పెట్టొద్దు. బస్సులు పోయే రోడ్డు పక్కది, మోరీ పక్కది కూడా వద్దు.

హాస్టల్ల పెంచాలంటే పగిలిన బకెట్ చాలు. అడుగున రెండు బొక్కలు పెట్టి, ఎర్రమట్టి, కొంచెం ఇసుక కలిపి నింపాలె. ఎరువు ఎక్కువ వెయ్యొద్దు, బలిస్తే ఆకు పెద్దగ అయితది గాని మొక్క సాగిపోతది. వానలు మొదలైనంక, కణుపు కాడ వేరు దిగిన ముక్కను జానెడు తెంపి, ఆ కణుపు మట్టిల మునిగేటట్టు పెడితే వారం పది రోజులల్ల కుదురుకుంటది. గింజ కంటే ఇదే సులువు. ఎండ బాగా తగలాలె, నీడల పెడితే పూత తగ్గుతది. నీళ్లు మట్టి ఎండినంకనే పోయాలె, నిలువ నీళ్లు దీనికి పడవు. పువ్వు ఎండి నూగు ఇప్పుకోకముందే తల తెంపాలె, లేకుంటే గాలికి పోయి పక్కోళ్ల చేన్ల మొలుస్తది. అమెరికా సర్కారు దీన్ని హానికర కలుపు జాబితాల పెట్టింది, అంత ఉషారుగ పాకే మొక్క ఇది. ఎండాకాలం కాడలు మాడితే పీకేయొద్దు, నాలుగు అంగుళాలు ఉంచి కత్తిరించి, రెండు మూడు రోజులకోసారి తడి చూపిస్తే మళ్ల వానకు లేస్తది. ఒక బకెట్ మొక్క ఇట్ల ఏండ్లకేండ్లు నడుస్తది.

వాడేటప్పుడు చిన్న కోతలకు, గీతలకే. ముందు గాయాన్ని మంచి నీళ్లతోటి, సబ్బుతోటి కడగాలె, ఆకును కడిగి నలపాలె. లోతు గాయమైతే, తుప్పు ఇనుము గుచ్చుకుంటే, కుక్క కరిస్తే ఆకు పక్కన పెట్టి దవాఖానకు పోవుడే, టీటీ సూది ఏయించుకునుడే. షుగర్ ఉన్న పెద్దోళ్ల కాలి పుండు మీద పెట్టొద్దు.

రిజిస్టర్ల రాసేటోళ్లకు ఒక మాట. నల్లారం దాపరికం మందు కాదు, అందరికీ తెలిసిందే, నిర్భయంగ రాయొచ్చు. కొన్ని పసరు మందులు ఒక్క ఇంటోళ్లకే తెలిసి ఉంటయి. వాళ్లు చెప్పొద్దంటే రాయొద్దు, బలవంతం చేయొద్దు. రాసే కాడ మొక్క పేరు మన భాషల, ఆ తండా పేరు, ఏ నేలల మొలుస్తది, ఏ భాగం, ఎట్ల నలిపి ఎంతసేపు పెడుతరు, చెప్పిన మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు, రాసిన తారీఖు, ఇవి తప్పకుండ ఉండాలె. "పూర్వకాలం నుంచి" అని రాయకండి. "మా అత్త చెప్పింది, మేం పెట్టి చూసినం" అంటే అట్లనే రాయండి.

గోండి, కోలామి, కోయ, ఎరుకల, గోర్‌బోలి, మీ మీ ఇండ్లల్ల దీన్ని ఏమంటరో నాకు పంపండి. మండలం పేరు కూడా పెట్టండి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అడిగి వచ్చినా సరే.